నొక్కినవాడే మోయాలి

మూతకాలం, తొమ్మిదో రోజు

ఈ పుస్తకం ఈరోజు నుంచి నా చేతికొచ్చింది. నాకంటే ముందు రాసిన మహానుభావుడు నాలుగేళ్ళపాటు ప్రతి పేజీలోనూ "అంతా బాగుంది" అని రాసి సంతకం పెట్టి పోయాడు. అంతా బాగుంటే పుస్తకం ఎందుకు, కావలి ఎందుకు? నా పేరు ఎర్రిస్వామి. గనివాడ కావలి గదిలో రెండో మనిషిని. ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు వచ్చు. తిట్టడం ఇంకా బాగా వచ్చు.

పొద్దున్నే సోలార్ పలకల మీద దుమ్ము తుడిచాం, వట్టివేళ్ళ తడికలు తడిపాం. పది గంటలకు తలుపులు మూసుకుని అందరం పాత గనిలోకి దిగాం. సాయంత్రం ఐదు దాకా ఇక బయటికి పోయేది లేదు. మూతకాలం ఎండలో ఒట్టి ఒంటితో నిలబడ్డవాడు అరగంట తిరక్కుండా కూలిపోతాడు. అందుకే దొంగలు మిట్టమధ్యాహ్నం వస్తారు. తడి గోనెపట్టాలు ఒంటికి చుట్టుకుని, వెంటపడేవాడు ఉండడన్న ధైర్యంతో వస్తారు.

ఈరోజు పన్నెండున్నరకు వచ్చాడు. పైన షెడ్డులో ఆరు చలిబుడ్లు ఉన్నాయి. ఒక్కొక్కటి గుమ్మడికాయంత. వాటిలోని మందు పైపుల్లో తిరిగితేనే మా హాలు చల్లబడుతుంది, అందులో పడుకున్న ఊరంతా బతుకుతుంది. షెడ్డు ముందర కావలి కంబం ఉంది. దానికి కన్నుంది, తుపాకి ఉంది, నోరు కూడా ఉంది. మా ఎండ దుప్పట్లకు కుట్టిన గుర్తుబిళ్ళను బట్టి మావాళ్ళను పోల్చుకుంటుంది.

"గుర్తుబిళ్ళ లేని మనిషి షెడ్డు దగ్గర ఉన్నారు. కాల్చమంటారా అండీ?" అని అడిగింది.

దాన్ని తయారుచేసినవాళ్ళు కోస్తా వైపువాళ్ళు. చంపేముందు కూడా అండీ అంటుంది. మా బల్ల మీద రెండు బొత్తాలు ఉంటాయి, ఊ అని ఒకటి, వద్దు అని ఒకటి. అరనిమిషం టైము. ఏదీ నొక్కకపోతే వద్దన్నట్టే.

నొక్కే అధికారం వన్నూరక్కది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బుగ్గన వక్కాకు పెట్టుకుని, తెరకు ముక్కు ఆనించి చివరిదాకా చూసి, వద్దు నొక్కింది. సైరన్ మోగించింది. వాడు తల కూడా ఎత్తలేదు. ఒక బుడ్డి ఊడదీసి నెత్తిన పెట్టుకుని పోయాడు. మేం మెట్లెక్కి మూడు తలుపులు తీసేసరికి పావుగంట. వాడి దుమ్ము కూడా కనబడలేదు.

"ఏమక్కా! వాడు ఎత్తుకోని పోతాంటే చూస్తా కూర్చుంటివే!"

"ఇంకా ఐదుండాయి గదప్పా. హాలుకు నాలుగు చాలు. రాసుకో."

"ఏమని రాసేది?"

"జరిగిందే రాయి."

రాశాను. ఒళ్ళు మండిపోతూ ఉంది.

మూతకాలం, పదకొండో రోజు

నా భార్య చౌడేశ్వరికి తొమ్మిదో నెల. హాలులో గాలి గొట్టం కింద ఆమెకు చాప వేయించాను. కొర్రల్లో రాళ్ళు ఏరుకుంటూ, వన్నూరక్క మీద నా తిట్లన్నీ విన్నది.

"ఆమె ఒకసారి నొక్కిందిలే. నువ్వప్పుడు ఈ ఊర్లో లేవు" అంది.

ఏడేళ్ళ కిందటి మాట. ఒకడు గాలి గొట్టంలో పొగమందు పోయబోయాడట, అందరూ మత్తుగా పడి ఉంటే తీరిగ్గా దోచుకోవచ్చని. లోపల ఊరంతా నిద్రలో ఉంది. వన్నూరక్క ఊ నొక్కింది. మా గనివాడలో ఒక కట్టు ఉంది. నొక్కినవాళ్ళే మోయాలి. శవానికి స్నానం చేయించి, తన భుజాన మోసి, గుంత తానే తవ్వి పూడ్చాలి. పదకొండు రోజులు సొంత మనిషి పోయినట్టే మైల పట్టాలి. ఆ తర్వాత వాడి పేరు కనుక్కుని, వాడి ఊరు వెతుక్కుంటూ పోయి, మీవాణ్ణి నేనే చంపానని వాడి ఇంట్లోవాళ్ళ మొహం చూసి చెప్పి రావాలి. ఇంకొకరు సాయం పట్టకూడదు.

"పోయిందా?"

"ఎందుకు పోదు? మూడు దినాలు నడిచిపోయింది. వాని తల్లి చీపురుకట్ట తీసుకోని కొట్టిందంట. ఆయమ్మ చెయ్యి నొచ్చేదాకా నిలబడి, కాళ్ళు మొక్కి వచ్చింది."

ఇంత కట్టు పెట్టుకుంటే ఎవడైనా వద్దే నొక్కుతాడు, ఇందులో గొప్పేముంది అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టు రాస్తున్నాను.

మూతకాలం, పద్నాలుగో రోజు

ఈరోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒంటిగంటకు కంబం మళ్ళీ అండీ అంది. షెడ్డు వెనకాల ఎవడో ఎండ దుప్పటి కప్పుకుని, గడ్డపార పట్టుకుని నక్కి ఉన్నాడు. గుర్తుబిళ్ళ లేదు.

"అక్కా, గడ్డపార తెచ్చినాడు! ఈసారి ఇడిసిపెట్టద్దు!" అని అరిచాను.

"అరవాకు. ఆ కాలు చూడు. ఎడమది ఈడుస్తాండాడు."

వద్దు నొక్కింది. నొక్కి, మైకులో నింపాదిగా, "గాదిలింగమామా, లోపలికి రా. ఎండకు సచ్చిపోతావు" అంది.

గాదిలింగప్ప మా ఊరి పెద్దమనిషి. వన్నూరక్క మీద నమ్మకం లేక, దొంగను తానే పట్టుకుంటానని పోయి కాచుకున్నాడు. తన దుప్పటి మాసికలు వేయడానికి ఇచ్చి, పోయినేడు చనిపోయిన తమ్ముడి దుప్పటి కప్పుకున్నాడు. మావాళ్ళు చనిపోయినవాళ్ళ గుర్తుబిళ్ళ కత్తిరించి వాళ్ళతోనే పూడుస్తారు. దుప్పటి మాత్రం ఖరీదైనది, పారేయరు. బిళ్ళ లేని దుప్పటి కప్పుకుని షెడ్డు దగ్గర కూర్చోవడం మా గనివాడవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తప్పు.

మొహం కందిపోయి లోపలికొచ్చి, ఒక కడవ నీళ్ళు తాగాడు.

"నన్ను దొంగంటుందా ఆ గుడ్డి కంబం!"

"దొంగ అనలేదు మామా. కాల్చమంటారా అండీ అని మర్యాదగా అడిగింది. వద్దంటిని."

ఆ బల్ల ముందర నేను ఉంటే ఊ నొక్కేవాణ్ణి. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇక్కడ రాసి పెడుతున్నాను.

మూతకాలం, పదిహేడో రోజు

అసలు దొంగ మళ్ళీ వచ్చాడు. మళ్ళీ వద్దు. ఇంకొక బుడ్డి పోయింది. ఇక నాలుగే. సరుకుల బండి మూతకాలం అయిపోయాక గానీ రాదు. నాలుగు ఉంటే హాలు నిలబడుతుంది. మూడు అయితే మధ్యాహ్నానికి కుండలో ఉడికినట్టు ఉడుకుతాం.

సాయంత్రం సభ పెట్టారు. గాదిలింగప్ప లేచాడు. మొన్న చావు తప్పించుకున్న మనిషి కాస్త తగ్గుతాడేమో అనుకున్నాను. ఎక్కడ!

"ఇంక చూసేది లేదు, అడిగేది లేదు. బిళ్ళ లేనోడు కనబడితే ఊ నొక్కాల్సిందే."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వన్నూరక్క లేచి నిలబడింది. "తీర్మానం మీది. కాదనను. వేలు మాత్రం నాది. ఇంకో మాట. నాకు పదిమంది మనుషులు, చీపుర్లు, తాడు కావాల."

"చీపుర్లెందుకు?"

"అడుగు సొరంగం కడగాల."

సభంతా గొల్లున నవ్వింది. అడుగు సొరంగం అంటే హాలుకు ఇంకా కింద, ఊట నీళ్ళు కారే చోటు. చల్లగానే ఉంటుంది. కానీ గబ్బిలాల కంపు. మెట్లు విరిగిపోయి, మడ్డి పేరుకుపోయి, తాతల కాలం నుంచి అక్కడికి ఎవరూ దిగింది లేదు. దొంగను కాల్చమంటే ఈమె గబ్బిలాల పెంట ఎత్తుతానంటుంది!

మూతకాలం, ఇరవై రెండో రోజు

ఐదు రోజులుగా నేనూ పెంట ఎత్తుతున్నాను. రెండో కావలిమనిషిని కదా, తప్పలేదు. వన్నూరక్క అందరికంటే ముందు దిగుతుంది, అందరికంటే చివర ఎక్కుతుంది. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, ఒక్కమాట అనదు. వక్కాకు మాత్రం అడుగుతుంది.

అంతటితో ఆగితే బాగుండు. ఊరందరినీ హాలు నుంచి సొరంగానికి దించి, ఎంతసేపు పడుతుందో చూసింది. మొదటిసారి రెండు గంటల పైన పట్టింది. చంటిపిల్లల తల్లులు నోటికొచ్చినట్టు తిట్టారు. ఆమె కోపం తెచ్చుకోలేదు. తాడు ఎక్కడ కట్టాలో, ముసలివాళ్ళను ఎవరు ఎత్తుకోవాలో మార్చి మళ్ళీ దించింది. ఈరోజు మూడోసారి. గంటా పది నిమిషాలు. చౌడేశ్వరిని నేనే చెయ్యి పట్టి దించాను. దిగేసరికి ఆమె రొప్పుతుంటే నాకు తిక్క లేచింది.

సొరంగంలోనే నిలదీశాను. "అక్కా, నా పెండ్లాన్ని చూడు. దీనికేమన్నా అయితే నువ్వు పూచీ పడతావా? ఒక్కసారి నొక్కితే పోతుంది గదా! ఒక దొంగనాయాలి కోసం ఊరంతటినీ పెంటలో నడిపిస్తాండావు."

చేతులు కడుక్కుని, తీరుబడిగా మెట్టు మీద కూర్చుంది.

"వస్తువు కోసరం మనిషిని చంపచ్చునా అంటే అందరూ కూడదంటారు. ఆ వస్తువు పోతే మనోళ్ళు సస్తారంటే అందరూ చంపమంటారు. రెండూ నిజమే. నేను ఒకటే చూస్తా ఎర్రిసామీ. వాడు చెయ్యి పెట్టినదానికీ, మనోళ్ళ ప్రాణం పోయేదానికీ నడాన టైము ఎంత ఉండాది? ఆ టైములో మనం ఇంకేమన్నా చేయగలమా? చేయగలిగితే నొక్కకూడదు. ఆ పొద్దు పొగమందు పోయబోయినోనికి, మనకు నడాన టైము లేదు. నొక్కితి. మళ్ళా అట్లే వస్తే మళ్ళా నొక్కుతా."

"బుడ్డి పోతే?"

"మొన్న ఒక బుడ్డి ఆపేసి నేనే హాల్లో కూర్చోని చూస్తి. ఓర్చుకోలేనంత ఉడుకు అయ్యేదానికి గంటన్నర పట్టింది. మీరు దిగేదానికి రెండు గంటలు పడుతుండె. అంటే టైము చాలదు. అప్పుడు వాడు మళ్ళా వచ్చింటే నేను నొక్కాల్సి వస్తుండె. ఈపొద్దు గంటా పది." లేచి చీర దులుపుకుంది. "ఇప్పుడు చాలుతాది."

మేమందరం దొంగను ఎట్లా చంపాలా అని చూస్తుంటే, ఈ మనిషి వాణ్ణి చంపక్కర్లేకుండా టైము సంపాదిస్తోంది. అది కూడా చీపురుతో. ఇన్నాళ్ళూ నేను ఈమెను పిరికిది అనుకున్నాను. సిగ్గేసింది.

మూతకాలం, ఇరవై ఆరో రోజు

సొరంగంలో, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

తాడు మేకులు ఊడాయని వన్నూరక్క పొద్దున సొరంగానికి దిగింది. బల్ల ముందర నన్ను కూర్చోబెట్టింది. పదకొండున్నరకు చౌడేశ్వరికి నొప్పులు మొదలయ్యాయని కబురు వచ్చింది. పోదామని లేచాను. అంతలో కంబం మాట్లాడింది.

"గుర్తుబిళ్ళ లేని మనిషి షెడ్డు దగ్గర ఉన్నారు. కాల్చమంటారా అండీ?"

తెరలో వాడే. గోనెపట్టాలు, అదే నడక. నాలుగో బుడ్డి గొట్టం మీద చెయ్యి పెట్టాడు. హాలులో నా భార్య నొప్పులు పడుతూ ఉంది. ఆ బుడ్డి పోతే గంటన్నరలో ఆ హాలు నిప్పులకుంపటి. నా వేలు ఊ మీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు. సభ తీర్మానం ఉంది, నన్ను ఎవరూ తప్పు పట్టరు. నొక్కాలనే ఉంది. కాదని రాస్తే అబద్ధం. వాడి మీద నాకు పిసరంత జాలి లేదు.

గంటా పది. ఆ మాట ఒక్కటే బుర్రలో తిరిగింది. గంటన్నరలో గంటా పది పోతే ఇరవై నిమిషాలు మిగులుతాయి. నొప్పులు పడే మనిషిని మెల్లగా దించడానికి ఆ ఇరవై నిమిషాలు చాలు.

వాడి అమ్మను, అబ్బను, వాడి ఏడు తరాలను తిట్టుకుంటూ వద్దు నొక్కాను. సైరన్ మోగించాను. హాలులోకి మైకు తిప్పి, "అందరూ దిగండి, ఇది అలవాటు కోసం కాదు, నిజంగానే" అని గొంతు చించుకున్నాను.

గంటా ఐదు నిమిషాల్లో దిగారు. చౌడేశ్వరిని నలుగురు ఆడవాళ్ళు చాపతో సహా మోసుకుపోయారు. గాదిలింగప్ప ఒక ముసలామెను వీపున ఎక్కించుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ దిగాడు. ఆ సంగతీ రాయాలి.

ఇక ఆ దొంగ. జనం ఇంకా దిగుతుండగానే, బుడ్డి ఎత్తుకుని వంద అడుగులు పోయాడో లేదో, కళ్ళు తిరిగి పడ్డాడు. గోనెలు ఎండిపోయి ఉంటాయి. బుడ్డి రాయికి తగిలి పగిలి, మందంతా బుస్సుమని పోయింది. వన్నూరక్క అప్పటికే కావలి గదిలో ఉంది. తెర చూసి, ఎండ దుప్పటి కప్పుకుంటోంది.

"యాడికక్కా?"

"వాణ్ణి తెస్తా."

"వాడు పడింది వాని పాపాన పడినాడు! మనం కాల్చలేదు గదా, మనకేం కట్టు లేదు!"

"కట్టు లేదు. టైము ఉండాది."

మోకాళ్ళ నొప్పుల మనిషి ఒక్కతే పోతే ఇద్దరు చస్తారు. నేనూ దుప్పటి కప్పుకున్నాను. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. వాడి కాళ్ళు నేను, భుజాలు ఆమె. ఊపిరి పీల్చుకుంటే గొంతు కాలింది. మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయింది. రెండుసార్లూ "పా" అని తానే లేచింది.

మూతకాలం, ఇరవై ఎనిమిదో రోజు

నాకు కూతురు పుట్టింది. గబ్బిలాల సొరంగంలో, ఊట నీళ్ళ పక్కన. చౌడేశ్వరికి నిన్నంతా ఒళ్ళు కాలిపోయే జ్వరం. తడిగుడ్డలు మారుస్తూ, ఒక్క బొత్తాం నొక్కి ఉంటే ఈమె గాలి గొట్టం కింద హాయిగా ఉండేది కదా అని నన్ను నేను తిట్టుకున్నాను, వన్నూరక్కనూ తిట్టుకున్నాను. ఈ తెల్లవారుజామున జ్వరం దిగింది. కొర్రగంజి తాగి, "దొంగ ఎట్లుండాడు?" అని అడిగింది. ఈ ఆడవాళ్ళు నాకు అర్థం కారు.

దొంగ బ్రహ్మాండంగా ఉన్నాడు. లేవగానే గంజిలో ఉప్పు తక్కువైందన్నాడు. పొద్దున పేరు ఓబులేసు అని చెప్పాడు, మధ్యాహ్నం పెద్దయ్య అన్నాడు. ఇంట్లో పిల్లలు ఎండకు అల్లాడుతున్నారని ఏడ్చి, తర్వాత నోరు జారి, బుడ్లు ఎవరికో అమ్మి సారాయి తాగానని చెప్పాడు. నేను కొట్టబోతే పక్కవాళ్ళు పట్టుకున్నారు.

"ఈ ఎదవ కోసరమా అక్కా మనం ఎండలో చచ్చింది!"

వన్నూరక్క వాడి అరికాళ్ళకు ఆముదం రాస్తోంది. తలెత్తకుండానే అంది: "మంచోళ్ళను చంపకుండ ఉండేదానికి నేనెందుకప్పా? అది ఎవరైనా చేస్తారు."

మూతకాలం, ముప్పై ఒకటో రోజు

సొరంగంలోనే సభ జరిగింది. ఇక మూతకాలం అయ్యేదాకా పగలంతా ఇక్కడే ఉండాలి. కంపు అలవాటైపోయింది. దొంగను నిన్న సాయంత్రం రెండు కుండల నీళ్ళిచ్చి, మళ్ళీ కనబడితే మక్కెలు విరగ్గొడతామని చెప్పి పొలిమేర దాటించారు. పోతూ పోతూ ఒక చెంబు ఎత్తుకుపోయాడు.

గాదిలింగప్ప లేచి, తీర్మానం ఉండగా వద్దు నొక్కింది ఎవరని అడిగాడు.

"నేనే" అన్నాను. లేచి నిలబడ్డాను.

"వన్నూరమ్మ చెప్పిందా?"

"లేదు మామా. అక్క కింద సొరంగంలో ఉండె."

"లేను" అంది వన్నూరక్క వెనకనుంచి. "మేకులు తక్కువైతే పైకొస్తి. కంబం అడిగేటప్పుడు కావలి గది వాకిట్లోనే ఉంటి. ఇతని వెనకాలే."

నేను తిరిగి చూశాను. అరనిమిషం, నేను ఆ నరకం పడినంతసేపూ, ఈమె నా వెనక నిలబడి ఉందా!

"మరి ఒక్కమాట అనలేదేమక్కా? వద్దురా అని అరిచింటే పోయేది గదా!"

"అరిచింటే అది నా వద్దు అయితాండె. రేపు నేను లేనినాడు నువ్వు ఏం చేస్తావో నాకు తెలియాల గదా. భయమైతే ఉండె. నీ వేలు ఊ మీదనే ఉండె."

"నేను నొక్కింటే?"

ఆమె నోట్లో వక్కాకు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పుకుంది.

"కొంగు అప్పటికే నడుముకు బిగించింటి" అంది. "నువ్వు నొక్కింటే ఇద్దరం మోద్దుము. వాని ఊరికి ఇద్దరం పోదుము. చీపురుకట్ట దెబ్బలు నీ ఒక్కనికే పడనిస్తానా?"

ఇంకొకరు సాయం పట్టకూడదన్న కట్టును, అది పుట్టిన నాటి నుంచి, గనివాడలో ఎవరూ దాటలేదు. గాదిలింగప్ప కింద కూర్చున్నాడు. నేను ఊరందరి ముందర, నా కూతురు కూడా చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను.